సంచిలోకి సూది ఎలా వచ్చింది? ఆసుపత్రి వ్యర్థాల గురించి నా సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వంద పడకల ఆసుపత్రి. వ్యర్థాల బాధ్యత మీకు కొత్తగా అప్పగించారు. రెండు నెలల్లో చెత్త మోసే సిబ్బందిలో ముగ్గురికి సూదులు గుచ్చుకున్నాయి. కొత్త ఆటోక్లేవ్ (ఆవిరి వేడితో చెత్తలోని సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) కొనాలా, డబ్బాలన్నీ మార్చేసి ఏ చెత్త ఏ రంగు సంచిలోకి అనే పద్ధతి మళ్లీ మొదలుపెట్టాలా అని యాజమాన్యం మిమ్మల్ని అడుగుతోంది. ఏది ముందు చేయాలో చెప్పమన్నారు.

కాసేపు రెండూ పక్కన పెట్టండి. ఆ ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టి, ఏం చేస్తుండగా గుచ్చుకుందో అడగండి. "చెత్త తీస్తుంటే" అన్న జవాబుతో సరిపెట్టుకోకండి. సంచి మూతి కడుతుంటేనా, ఎత్తి కాలికి ఆనించుకుని నడుస్తుంటేనా, నిండిన డబ్బాని కిందకి నొక్కుతుంటేనా? ఏ వార్డు సంచి? ఏ పూట? నేను ఇరవై ఏళ్లకు పైగా ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ పనిలో ఉన్నాను. మొదట వార్డు నర్సుని, తర్వాత ఈ పనికే మార్చారు. ఇలాంటి ఘటనలు ఎన్ని చూసినా ఒక విషయం మాత్రం మారలేదు. సూది వాడినవాళ్లు ఒకరు, గుచ్చుకున్నది ఇంకొకరికి. మోసేవాళ్ల చేతికి సూది గుచ్చుకుందంటే తప్పు జరిగింది వాళ్ల దగ్గర కాదు, కొన్ని గంటల ముందు, మంచం పక్కన. ఆటోక్లేవ్ ఉన్నది ఈ కథకి చివరి కొసన. మీ సమస్య మొదటి కొసన ఉంది.

నేను పనిచేసిన ఒకచోట జరిగింది చెబుతాను. ఒక వార్డులో నెలలో రెండుసార్లు సంచుల్లో సూదులు దొరికాయి. గోడ మీద పోస్టరుంది, శిక్షణ అయింది, సంతకాలూ ఉన్నాయి. నేను ఆ వార్డులో ఒక పూటంతా ఊరికే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సూదుల డబ్బా నర్సుల బల్ల వెనక, తలుపు చాటున తగిలించి ఉంది. చివరి మంచం దగ్గర్నుంచి లెక్కపెడితే ముప్పై ఒక్క అడుగులు. ఇంజెక్షన్ ఇచ్చిన నర్సు ఒక చేత్తో దూది నొక్కి పట్టుకుంది, రెండో చేతిలో సిరంజి, పక్క మంచం వాళ్లు పిలుస్తున్నారు. సిరంజిని కిడ్నీ ట్రేలో (వాడినవి పెట్టుకునే చిన్న వంపు పళ్లెంలో) పెట్టింది. ట్రేలో దూది ఉంది, గ్లోవ్స్ ఉన్నాయి, వాటి కింద ఇంకో రెండు సూదులున్నాయి. పది నిమిషాల తర్వాత ఆయా వచ్చి ట్రే మొత్తాన్ని ఇన్‌ఫెక్షన్ చెత్త వేసే పసుపు సంచిలోకి ఒంపేసింది. ఇందులో ఎవరిని తప్పుపడతాం? డబ్బాని ట్రాలీకి బిగించి, మంచం దగ్గరికే వెళ్లేలా చేశాం. ఆ వార్డు సంచుల్లో మళ్లీ సూది కనబడలేదు. పోస్టరు మాత్రం అదే.

కాబట్టి మొదటి సూత్రం: సూది ఏ చేతిలో ఉందో ఆ చెయ్యే దాన్ని డబ్బాలో వేయాలి. ట్రేలోకి, బల్ల మీదికి, ఇంకొకరి చేతికి మారకూడదు. అలా జరగాలంటే డబ్బా చెయ్యి చాచితే అందే దూరంలో ఉండాలి. దాని నోరు కంటికి కనబడేంత ఎత్తులో ఉండాలి. తల పైన తగిలిస్తే లోపల ఎంత నిండిందో తెలియక వేళ్లు పెట్టేస్తారు. నేల మీద పెడితే కాలు తగిలి ఒలికిపోతుంది, పిల్లలకీ అందుతుంది. గుచ్చినా చిల్లు పడని, కారని డబ్బా అయి ఉండాలి. నాలుగింట మూడొంతులు నిండగానే మూత బిగించేయాలి, ఇంకో నాలుగు పడతాయిలే అని కుక్కకూడదు. నిండిన డబ్బాని ఖాళీ చేసి మళ్లీ వాడటం మీ దగ్గర ఉంటే దాన్ని ఈరోజే ఆపించండి. ఆ ఒంపే క్షణమే అన్నిటికన్నా ప్రమాదం.

సూదికి తిరిగి క్యాప్ పెట్టే అలవాటు ఇంకా పోలేదు. అది జాగ్రత్త అనుకుని చేస్తారు, నిజానికి రెండో చేతి వేలిని సూదికి ఎదురుగా తీసుకెళ్లి పెట్టడమే అది. తప్పనిసరిగా పెట్టాల్సిన పరిస్థితి వస్తే క్యాప్‌ను బల్ల మీద పడుకోబెట్టి, ఒకే చేత్తో సూదిని అందులోకి దూర్చి ఎత్తుకోవాలి. రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకోమని నేను కొత్తవాళ్లకి చెబుతాను. నవ్వుతారు కానీ గుర్తుంటుంది.

ఇక ఒక సూది పోటుకి ఇంత హడావుడి ఎందుకంటే లెక్కలు చూడండి. రోగికి హెపటైటిస్ బి ఉండి, ఆ సూది టీకా వేయించుకోనివారికి గుచ్చుకుంటే సోకే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది. హెపటైటిస్ సి అయితే పాత లెక్కల్లో 1.8 శాతం, కొత్త లెక్కల్లో దాదాపు 0.2 శాతం; హెచ్‌ఐవీ అయితే 0.3 శాతం. అందరూ హెచ్‌ఐవీ అనే భయపడతారు. కానీ వందరెట్లు ఎక్కువ అవకాశమున్నది హెపటైటిస్ బికి. పైగా ఆ వైరస్ ఆరిపోయిన రక్తంలో, గది వాతావరణంలో కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. "నిన్నటి సూదేగా, ఎండిపోయింది" అన్న మాటకి అర్థం లేదు. ఊరట కలిగించే విషయం ఒక్కటే, దానికి మంచి టీకా ఉంది. పెద్దవాళ్లకి మామూలుగా మూడు డోసులు, మొదటిది, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. చివరి డోసు అయిన నెలా రెండు నెలలకి రక్తపరీక్ష చేసి రక్షణ వచ్చిందో లేదో చూడాలి. మీ ఆసుపత్రిలో డాక్టర్లకి, నర్సులకి టీకా రికార్డు ఉండే ఉంటుంది. కాంట్రాక్టు మీద వచ్చే పారిశుధ్య సిబ్బందికి ఉందా? నా అనుభవంలో అక్కడే ఫైలు ఖాళీగా ఉంటుంది. వాళ్లు తరచూ మారుతుంటారు, ఎవరి బాధ్యతో ఎవరూ చెప్పరు. అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదమున్నవాళ్లకి అన్నిటికన్నా తక్కువ రక్షణ. యాజమాన్యం దగ్గర ఆటోక్లేవ్‌కి డబ్బుంటే ముందు ఆ డబ్బులో కొంచెం దీనికి అడగండి.

సూది గుచ్చుకుంటే ఏం చేయాలో కూడా ఇక్కడే చెప్పేస్తాను. సబ్బుతో, పారే నీటితో కడగాలి. పిండకూడదు, నోటితో పీల్చకూడదు, బ్లీచ్ పోయకూడదు. కంట్లో పడితే మంచినీటితోనో సెలైన్‌తోనో బాగా కడగాలి. వెంటనే, డ్యూటీ అయ్యాక కాదు, డాక్టరు దగ్గరికి పంపాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే గంటల్లో మొదలుపెట్టాలి. 72 గంటలు దాటితే ఇక ప్రయోజనం ఉండదన్నదే లెక్క. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. టీకా లేనివారికి హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే, ముందే తయారైన యాంటీబాడీల ఇంజెక్షన్), టీకా కూడా వీలైతే 24 గంటల్లోనే ఇస్తారు. రాత్రి డ్యూటీలో ఇవన్నీ దొరుకుతాయా అన్నది మీరు స్వయంగా ఒకరాత్రి వెళ్లి చూసుకోవాల్సిన విషయం. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక తెల్లారేదాకా ఆగినవాళ్లని చూశాను. ఇంకోటి, గుచ్చుకుందని చెప్పినవాళ్లని తిట్టకండి. ఒకసారి తిడితే నాలుగో ఘటన మీకు తెలియదు, అంతే.

ఇప్పుడు వేరుచేయడం గురించి. ఆసుపత్రి చెత్తంతా విషమే అన్న భయం చాలామందిలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం దాదాపు 85 శాతం మామూలు చెత్తే, ఇళ్లలో, ఆఫీసుల్లో వచ్చే లాంటిదే. మిగతా 15 శాతమే ప్రమాదకరం, ఇన్‌ఫెక్షన్ సోకేది, రసాయనాలు, రేడియోధార్మిక పదార్థాలు అన్నీ కలిపి. కానీ ఆ 15ని ఈ 85లో కలిపేస్తే మొత్తం నూరూ ప్రమాదకరమే అవుతుంది. కలిసిపోయిన తర్వాత విడదీయడం లేదు, విడదీయనివ్వనూ కూడదు. పొరపాటున మామూలు చెత్తలో రక్తం దూది పడిందంటే ఆ సంచి మొత్తాన్నీ ఇన్‌ఫెక్షన్ చెత్తగానే పంపాలి. "తీసి ఇందులో వేసేయ్" అని ఎవరైనా అన్నారంటే ఎవరో ఒకరు చెయ్యి పెడతారు.

దీనికి అటువైపు తప్పు కూడా ఉంది. పసుపు సంచిలో వేస్తే ఎవరూ అడగరు కదా అని సిరంజి రేపర్లు, మందుల అట్టపెట్టెలు, టిఫిన్ కాగితాలు అన్నీ అందులోనే వేస్తారు. సంచులు త్వరగా నిండుతాయి, బరువెక్కుతాయి, చిరుగుతాయి, శుద్ధి చేసే చోట పని రెట్టింపవుతుంది. కోవిడ్ కాలంలో ఇది పరాకాష్ఠకి వెళ్లింది. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు ద్వారా 2020 మార్చి నుంచి 2021 నవంబరు వరకు దేశాలకి పంపిన రక్షణ దుస్తులు, మాస్కులు, గ్లోవ్సే దాదాపు 87,000 టన్నులని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. అందులో చాలావరకు చివరికి చెత్తే అయింది. అవసరం లేనిచోట వేసుకున్న గ్లోవ్స్ కూడా వ్యర్థమే, చేతులు కడుక్కుంటే సరిపోయే పనులు ఎన్నో ఉన్నాయి.

మరి ఏది ఇన్‌ఫెక్షన్ చెత్త? రక్తంతోనో శరీర ద్రవాలతోనో తడిసిన కట్లు, దూది, గుడ్డలు, ఐసోలేషన్ గదుల్లోంచి వచ్చేవి, ల్యాబులో సూక్ష్మజీవుల్ని పెంచిన ప్లేట్లు, ఆపరేషన్లో తీసిన కణజాలం, సూదులు, బ్లేడ్లు. వీటిలో ల్యాబు ప్లేట్లని ప్రత్యేకంగా చూడాలి. రోగి కట్టులో కొన్ని సూక్ష్మజీవులుంటే ప్లేటు మీద మనమే కోట్లలో పెంచి పెట్టుకున్నాం. అవి ల్యాబు దాటకముందే అక్కడే ఆటోక్లేవ్ కావాలి. నడవాల్లో ట్రాలీ మీద పచ్చిగా తిరగకూడదు. ఇక కట్లు, దూది విషయంలో ఎంత రక్తం ఉంటే ఇన్‌ఫెక్షన్ చెత్త అనేది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా కార్మిక భద్రత నిబంధనల్లో ఒక తేలికైన గీటురాయి ఉంది: పిండితే రక్తం కారుతుందా, పట్టుకుంటే ఎండిన రక్తం పెచ్చులు రాలుతాయా అని. చాలా దేశాల్లో అంతకన్నా కఠినంగా ఉంటుంది, రక్తం మరకున్నా చాలంటారు. రంగులు కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం ఇన్‌ఫెక్షన్ చెత్తకీ సూదులకీ పసుపు, రసాయనాలకీ మందులకీ గోధుమరంగు, మామూలు చెత్తకి నలుపు. మీ దేశం నిబంధనల్లో వేరే ఉంటే అదే పాటించండి. నా అనుభవంలో ఏ రంగైనా పనిచేస్తుంది, అన్ని వార్డుల్లో ఒకటే అయితే. ఓపీలో నీలం, ఐసీయూలో ఎరుపు అంటే మాత్రం రాత్రి డ్యూటీలో వార్డు మారిన నర్సు పొరబడుతుంది, అది ఆమె తప్పు కాదు.

డబ్బాలన్నీ మార్చాలా అన్నారు కదా. మార్చకముందు ఒక వారంపాటు చిన్న పని చేయండి. రోజుకి రెండు వార్డుల్లో, సంచి కట్టకముందు మూత తీసి పైనుంచి చూడండి. చెయ్యి పెట్టకండి, కర్రతో కదపకండి. కనబడినంత వరకు ఏముందో రాసుకోండి. ఎక్కువ తప్పులు ఒకటి రెండు చోట్లే పోగవుతాయని మీకే తెలుస్తుంది. డ్రెస్సింగ్ గది, ప్రసూతి వార్డు, ఎమర్జెన్సీ మామూలుగా ముందుంటాయి. అన్నీ మార్చేకంటే ఆ రెండు చోట్ల డబ్బాలు జరపడం చవక, త్వరగా అవుతుంది కూడా. పక్కపక్కనే రెండు డబ్బాలుండాలన్నది మరిచిపోవద్దు. ఇన్‌ఫెక్షన్ డబ్బా ఒక్కటే ఉంటే అన్నీ అందులోకే పోతాయి, మామూలు డబ్బా ఒక్కటే ఉంటే రక్తం దూది కూడా అందులోకే.

సంచి విషయం. మూడొంతులకి ఆపాలి, సూదుల డబ్బాలాగే. మిగిలిన భాగం ఊరికే ఖాళీ కాదు, అది పట్టుకునే జాగా. మెడని మెలితిప్పి, వెనక్కి మడిచి, గట్టిగా బిగించి కట్టాలి. స్టేప్లర్ కొట్టకూడదు, చిల్లులు పడతాయి. ఎత్తేటప్పుడు మెడ పట్టుకుని ఒంటికి దూరంగా ఎత్తాలి. కింద చెయ్యి పెట్టి మోయడం, గుండెకి హత్తుకోవడం, నేల మీద ఈడ్వడం, మెట్ల మీంచి విసరడం వద్దు. ఒకసారి ఒకామె నిండిన సంచిని ఇంకాస్త సర్దుదామని అరచేత్తో నొక్కుతుంటే ఎదురుగా ఉన్నాను. గ్లోవ్ మీద చిన్న ఎర్రచుక్క కనబడింది. ముందు ఆమెకే తెలియలేదు. పల్చటి పరీక్ష గ్లోవ్స్ సూదిని ఆపవు. ఈ పనికి మందపాటి గ్లోవ్స్, ముందువైపు పూర్తిగా మూసుకున్న బూట్లు, ఏప్రన్ కావాలి. వేడికి తీసేస్తారు, సైజు సరిపోక తీసేస్తారు. సరిపోయే సైజులు తెప్పించండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ప్రతి సంచి మీద వార్డు పేరు, తేదీ, పూట రాయాలి. ఇది చాలా చిన్న పని, అందరూ వదిలేసే పని. కానీ మీ ముగ్గురి విషయంలో లేబుల్ ఉండి ఉంటే ఈ ప్రశ్న మీరు నన్ను అడిగేవారే కాదు. లేబుల్ ఉంటే తప్పు ఎక్కడ పుట్టిందో అరగంటలో తెలుస్తుంది. లేకపోతే అన్ని వార్డులూ "మాది కాదు" అంటాయి. లేబుల్‌తోపాటు జీవప్రమాద చిహ్నం కూడా ఉండాలి. ఆ మూడు కొమ్ముల గుర్తుని 1966లో డౌ కెమికల్‌లో పనిచేసిన చార్లెస్ బాల్డ్విన్ బృందం తయారుచేసింది. అంతకుముందు ఏ అర్థమూ లేని, కానీ చూస్తే మర్చిపోలేని గుర్తు కావాలని వెతికారట. మూడు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి సంచి ఎలా పడినా గుర్తు తలకిందులవదు.

వార్డు నుంచి తీసుకెళ్లడానికి మూతున్న, కడగడానికి వీలైన ట్రాలీ. అదే ట్రాలీలో దుప్పట్లో భోజనాలో తీసుకెళ్లకూడదు. చూడటానికి వచ్చేవాళ్ల రద్దీ లేని వేళ చూసుకోండి. నిల్వగదికి తాళం, నీళ్లు, కాలువ, ఎలుకలు దూరని తలుపు. ఎంతసేపు ఉంచవచ్చంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం చల్లబరిచే ఏర్పాటు లేకపోతే వేడి ప్రాంతాల్లో ఎండాకాలం 24 గంటలు, చల్లని నెలల్లో 48 గంటలు. సమశీతోష్ణ ప్రాంతాల్లో అవి 48, 72. తాళం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వాడిన సిరంజిలు బయటికి పోతే కడిగి మళ్లీ అమ్మేవాళ్లుంటారు. 2000 సంవత్సరంలో శుద్ధిచేయని సిరంజిలతో ఇచ్చిన ఇంజెక్షన్ల వల్ల 2.1 కోట్ల మందికి హెపటైటిస్ బి, 20 లక్షల మందికి హెపటైటిస్ సి, 2.6 లక్షల మందికి హెచ్‌ఐవీ సోకాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ తర్వాత పదేళ్లలో ఆ సంఖ్యలు బాగా తగ్గాయి, కానీ అప్పటి పాఠం అలాగే ఉంది. ఆసుపత్రి గేటు దాటే సిరంజి మళ్లీ వాడటానికి పనికిరాని స్థితిలో ఉండాలి.

ఇప్పుడు ఆటోక్లేవ్. కొత్తది కొనొద్దని నేననడం లేదు, ఉన్నది పనిచేస్తోందో లేదో మీకు నిజంగా తెలుసా అని అడుగుతున్నాను. చాలామంది సంచికి అంటించే, వేడికి రంగు మారే సూచిక టేపు చూసి సరే అనుకుంటారు. టేపు మీద నల్ల గీతలొస్తే ఆ టేపుకి వేడి తగిలిందని మాత్రమే అర్థం. సంచి నడిబొడ్డున ఏం జరిగిందో టేపుకి తెలియదు.

చెడ్డ అనుభవం ఒకటి చెబుతాను. మా దగ్గర రోజూ టేపు నల్లబడేది, పీడనం ముల్లు సరిగ్గా నిలబడేది, లాగ్‌బుక్‌లో 121 డిగ్రీలు రాసి ఉండేది. ఒకసారి స్పోర్ల (వేడికి తేలిగ్గా చావని బ్యాక్టీరియా బీజాల) పరీక్ష సీసాని సంచి పైన కాకుండా, నిండుగా కుక్కిన సంచుల్లో మధ్య సంచి మధ్యలో పెట్టాను. ఇంక్యుబేటర్లో ఉంచిన మర్నాటికి ఊదారంగు ద్రవం పసుపెక్కింది, అంటే స్పోర్లు బతికే ఉన్నాయి. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అదే. అంతకుముందు ఎన్ని నెలలు అలా సగం ఉడికిన చెత్తని బయటికి పంపామో ఆలోచిస్తే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

కారణం గాలి. ఆటోక్లేవ్‌లో సూక్ష్మజీవుల్ని చంపేది పొడి వేడి కాదు, తడి ఆవిరి ఆ వస్తువుని తాకి నీరుగా మారుతూ వదిలే వేడి. గాలి ఆవిరికన్నా బరువు. లోపల గాలి మిగిలిపోతే పీడనం సరిగ్గానే చూపిస్తుంది, కానీ ఆ గాలి ఉన్నచోట ఉష్ణోగ్రత అందదు. సంచులు గట్టిగా కట్టి, ఒకదాని మీద ఒకటి కుక్కితే ఆవిరికి దారేది? మేము చేసిన మార్పులు పెద్దవేం కావు. ఒక విడతకి సంచులు తగ్గించాం. ఆవిరి దూరే సంచులు వాడాం, అవి లేనప్పుడు మూతి వదులు చేశాం. 121 డిగ్రీల దగ్గర నిలిపే సమయం పెంచాం. గడియారం మొదలవాల్సింది లోపలి వస్తువు ఆ వేడికి చేరాక, స్విచ్ వేశాక కాదు. సాధారణంగా 121 దగ్గర కనీసం 30 నిమిషాలు అంటారు, వ్యర్థాలకి చాలాచోట్ల 60 పెడతారు. వాక్యూమ్ పంపుతో ముందే గాలి లాగేసే యంత్రమైతే పని చాలా సులువవుతుంది. పరీక్షకి వాడేది జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ స్పోర్లు, ఆవిరికి అంత త్వరగా చావవు కనకే వాటిని వాడతారు. ఎప్పుడూ ఒక సీసాని ఆటోక్లేవ్‌లో పెట్టకుండా పక్కనుంచి, దాన్నీ ఇంక్యుబేటర్లో పెట్టండి. అది పెరగకపోతే మీ పరీక్షే చెల్లదు.

కాబట్టి యాజమాన్యానికి చెప్పాల్సింది ఇది: వారంపాటు నిండు లోడు మధ్యలో స్పోర్ల పరీక్ష చేద్దాం. పాసైతే, రోజు చెత్త రోజు అయిపోతుంటే కొత్తది అక్కర్లేదు. ఫెయిలైతే ముందు లోడు తగ్గించి చూద్దాం. అప్పటికీ కాకపోతే, అప్పుడు కొనండి, వాక్యూమ్ ఉన్నదే కొనండి.

ఆటోక్లేవ్‌లో పెట్టకూడనివి కూడా ఉన్నాయి. క్యాన్సర్ మందులు, ద్రావకాలు, పాదరసం, బ్లీచ్‌లో నానిన వస్తువులు. వేడికి ఇవి ఆవిరై గదిలోకి వస్తాయి, బ్లీచ్ అయితే యంత్రాన్ని కూడా తినేస్తుంది. కణజాలం, శరీర భాగాలకి ఆటోక్లేవ్ సరిపోదు, వాటి దారి వేరు.

కాల్చేయడం తేలికని కొందరంటారు. ఆవరణ వెనక గుంటలో పెట్టే మంట కాల్చడం కాదు, పొగ పంచడం. సరైన ఇన్సినరేటర్‌కి (చెత్త కాల్చే కొలిమికి) రెండు గదులుంటాయి. మొదటిది కనీసం 850 డిగ్రీల దగ్గర, రెండోది 1100 దగ్గర, రెండోదాంట్లో పొగ రెండు సెకన్లయినా నిలవాలి. దాని తర్వాత పొగని శుద్ధిచేసే పరికరాలు. క్లోరిన్ ఉన్న పీవీసీ ప్లాస్టిక్, రక్తపు సంచులు, ట్యూబులు తక్కువ వేడిలో కాలితే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషపదార్థాలు పుడతాయి. 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందం అదుపు చేయమన్న వాటిలో ఇవి ఉన్నాయి. ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంటే వాళ్లకివ్వడమే మేలు, ఆసుపత్రికొక చిన్న పొగగొట్టం పెట్టుకోవడం కన్నా.

బ్లీచ్ గురించి ఒక మాట, ఎందుకంటే మీరు "అన్నీ బ్లీచ్‌లో నానబెట్టి పంపుతున్నాం" అని రాశారు. ఎందుకు? రక్తం, చీము లాంటివి క్లోరిన్‌ని వెంటనే నిర్వీర్యం చేస్తాయి, నానిన గుడ్డ లోపలికి అది చేరదు. సూదుల బకెట్ దగ్గర చిమ్మడం, ఒంపడం అనే రెండు కొత్త ప్రమాదాలు మాత్రం వస్తాయి. నానిన ప్లాస్టిక్ తర్వాత కాల్చేచోటికి వెళితే ఇంకో సమస్య. శుద్ధి కేంద్రానికి వెళ్లే చెత్తకి వార్డులో నానబెట్టడం అక్కర్లేదు. బ్లీచ్ కావాల్సింది నేల మీద రక్తం ఒలికినప్పుడు. గాజుముక్కలుంటే పటకారుతో తీయండి. పేపరో గుడ్డో పరిచి రక్తాన్ని పీల్చనివ్వండి, ఆపైన 0.5 శాతం క్లోరిన్ ద్రావణం మెల్లగా పోసి పది నిమిషాలు వదిలేసి తుడిచి, నీళ్లతో కడగండి. 5 శాతం బ్లీచ్ అయితే ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు. రోజూ తాజాగా కలపండి, నిన్నటిది నీళ్లతో సమానమనుకోండి. యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో మాత్రం పొరపాటున కూడా కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

ఇంకా రాయాల్సింది చాలా ఉంది కానీ ముందు ఆ ముగ్గురి వివరాలు తెలియాలి. ఏ పని చేస్తుండగా గుచ్చుకుందో, సంచి ఏ వార్డుదో, ఆ వార్డులో చివరి మంచం నుంచి సూదుల డబ్బాకి ఎన్ని అడుగులో లెక్కపెట్టి ఇక్కడే రాయండి. మీ ఆటోక్లేవ్‌కి వాక్యూమ్ పంపు ఉందో లేదో, స్పోర్ల పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారో కూడా చెప్పండి. అప్పుడు కొనాలో వద్దో మాట్లాడుకుందాం.